దామరవాయి రాక్షస గుళ్ళ దగ్గర ఒక పగలు

హనుమకొండ నుంచి ఏటూరునాగారం వెళ్ళే బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే ములుగు దాటినప్పటి నుంచీ కళ్ళకు పండగే. పస్రా తర్వాత రోడ్డుకు రెండు వైపులా టేకు, వెదురు దగ్గరపడతాయి. తాడ్వాయిలో దిగేవాళ్ళలో ఎక్కువమంది మేడారం వైపు వెళ్ళిపోతారు. నేను దిగింది దామరవాయి సమాధుల కోసం.

ఇనుప యుగపు మనుషులు తమవాళ్ళను పెట్టుకున్న చోటు అది. రెండు వేల ఏళ్ళు దాటిన శ్మశానం. ఇంతేసి బండలు మామూలు మనుషులు ఎత్తలేరు, రాక్షసులే కట్టి ఉంటారని ఊళ్ళో రాక్షస గుళ్ళు అంటారు. గోదావరి లోయలోని ఇటువంటి సమాధుల గురించి 1868లోనే ఇంగ్లీషులో వ్యాసం అచ్చయింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా, నేను వెళ్ళిన రోజున, దారి చూపే బోర్డు ఒక్కటీ కనబడలేదు.

తాడ్వాయిలో ఆటో మాట్లాడుకున్నాను. రానుపోను, మధ్యలో ఆగడంతో కలిపి 800 రూపాయలు. ఖరీదే, కానీ అడవిలో ఫోను పనిచెయ్యలేదు కాబట్టి మనిషి మన కోసం ఆగి ఉండటం ముఖ్యం. దామరవాయిలో ఒక కోయ పెద్దాయన తోడు వచ్చాడు. ఆయన లేకపోతే పొదల్లో మొదటి నాలుగు సమాధులు చూసి, అంతే అనుకుని తిరిగొచ్చేదాన్ని. నిజానికి అక్కడ వందకు పైనే ఉన్నాయి.

ఒక సమాధి దగ్గర అరగంట కూర్చున్నాను. నాలుగు ఇసుకరాతి పలకలను నిలువునా పాతి, పైన ఒక్కటే బండ మూత వేశారు. మూత పొడవు నా చేత్తో పద్నాలుగు జానలు. లోపల ఒకే రాయిని తొలిచి చేసిన తొట్టి. శవాన్నో ఎముకలనో అందులోనే ఉంచేవారు. ఇప్పుడు సగం వరకు మట్టి, ఆకులు. పక్క పలకకూ మూతకూ మధ్య సందులోంచి బొటనవేలంత వేరు లోపలికి దిగింది. ఆ వైపు పలక ఇప్పటికే బయటికి ఒరిగింది. ఆ వేరు చెయ్యంత లావైతే పలక నిలవదు, పైబండ తొట్టి మీద పడుతుంది.

ఫొటో కోసం ఇంకో మూత మీద కాలు పెట్టబోతే పెద్దాయన ఆపాడు. "ఎక్కకు బిడ్డా, లోపల మనిషిని పండబెట్టిన జాగ అది." చెప్పులు విడిచి నిలబడ్డాను.

చెట్ల వేళ్ళకంటే ఎక్కువ నష్టం చేసింది గుప్తనిధుల పిచ్చి. కొన్ని మూతలను పక్కకు తోసేసి, తొట్లు పగలగొట్టి, కింద గుంతలు తవ్వారు. ఇటువంటి సమాధుల తవ్వకాల్లో పురావస్తు శాఖకు దొరికేవి ఎముకలు, ఇనుప పనిముట్లు, నలుపు-ఎరుపు కుండలు. ఆశపడి తవ్వినవాడికి అవి పెంకులే. చరిత్రకు అంతకుమించిన సాక్ష్యం లేదు.

శుభ్రం చేద్దామని ఉత్సాహపడి వెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. రాళ్ళ సందుల్లోని మొక్కను పీకితే వేరుతో పాటు పలక కూడా కదులుతుంది. నేలమట్టానికి కోసి, వేరును దానంతటదే ఎండనివ్వాలి. ఎండుగడ్డికి నిప్పు పెడితే ఇసుకరాయి వేడికి పొరలుగా లేస్తుంది. తొట్టిలోని మట్టిని చెత్త అనుకుని ఎత్తిపోస్తే ఎముక ముక్కలు కూడా పోతాయి. అయినా కత్తి పట్టుకోవాలంటే అటవీ శాఖ, పురావస్తు శాఖల అనుమతి ఉండాల్సిందే. అందుకే నేను సీసాలు, ప్లాస్టిక్ గ్లాసులు మాత్రమే ఏరాను. పెద్ద సంచి నిండింది. స్కేలు పక్కన పెట్టి పదిహేడు సమాధులకు నాలుగు వైపులా ఫొటోలు తీసుకున్నాను. వచ్చే ఏడు ఏ పలక ఎంత ఒరిగిందో వాటితో పోల్చి చూడవచ్చు.

ఇదే ప్రయాణంలో రామప్ప కూడా చూశాను. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన గుడి. పచ్చిక కత్తిరించి ఉంది, గైడ్లు ఉన్నారు, మంచినీళ్ళు ఉన్నాయి. నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్ళు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. పినపాక మండలం జానంపేటలోని ఇటువంటి సమాధులే కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. దామరవాయికి కనీసం ఒక కాపలాదారు, నడవడానికి గీసిన ఒక బాట కావాలి. సిమెంటు దారులు, సెల్ఫీ బోర్డులు వద్దే వద్దు.

బస విషయానికొస్తే, ముందురాత్రి దారిలో ఒక ప్రైవేటు లాడ్జిలో దిగి పొరపాటు చేశాను. వేడినీళ్ళు లేవు, తలుపు గడియ పడలేదు, డబ్బు మాత్రం ముందే తీసుకున్నారు. రెండో రాత్రి తాడ్వాయిలో ప్రభుత్వ వసతి గృహంలో ఉన్నాను. మామూలు గదే, దుప్పటి శుభ్రంగా ఉంది, పొద్దున్నే పిట్టల కూతలు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు హనుమకొండలో బస చేసి తెల్లవారుజామున బయలుదేరడం మేలు. డిసెంబరు, జనవరి అనువైన నెలలు. వానాకాలంలో పొదల్లో పాముల భయం. రెండేళ్ళకోసారి మాఘ పౌర్ణమికి మేడారం జాతర వస్తుంది, ఆ రోజుల్లో ఈ దారిలో గది దొరకడం కష్టం. బిస్కెట్లు, రెండు లీటర్ల నీళ్ళు వెంట ఉంచుకోండి.

తిరిగి వస్తుంటే ఊరి చివర పెద్దాయన ఆగి, నడుమెత్తు నిలువురాయి ఒకటి చూపించాడు. చనిపోయినవాళ్ళ పేరున రాయి పాతడం కోయల ఆచారం. "మా నాయనది" అన్నాడు. రాయి చుట్టూ రెండడుగుల మేర గడ్డి చెక్కి ఉంది. రాయి మొదట్లో కొత్తగా మొలిచిన చిన్న వేపమొక్కను ఆయన వంగి, గోటితో నేలకు ఆనించి తుంచాడు.