పిల్లి ఉన్న ఇంట్లో ఎయిర్ ప్యూరిఫయర్: రెండేళ్లు దాటాక నా రివ్యూ

ముందు రేటింగ్ చెప్పేస్తా, ఐదుకి మూడున్నర. ఆ ఒకటిన్నర ఎందుకు కోశానో చెప్పాలంటే మిషన్ కంటే పిల్లి గురించే ఎక్కువ మాట్లాడాల, ఎందుకంటే పిల్లి వెంట్రుకలన్నీ పీల్చేస్తదని చానామంది దీన్ని కొంటా ఉన్నారు, అసలు మన ముక్కుకి పడనిది వెంట్రుక కాదు. కంపెనీ పేరు రాయను, హెపా ఫిల్టర్ (గాల్లో బాగా సన్న కణాల్ని కూడా పట్టేది) ఉండే మామూలు మిషనే, పదివేలకి అటూ ఇటూ దొరికే రకం.

మేముండేది నెల్లూరులో వేదాయపాలెం వైపు, అత్తయ్య మామయ్య కూడా మాతోనే. పిల్లిని తెచ్చింది మా పాప, తుమ్ములు మాత్రం నాకు. తెల్లారి లేస్తానే వరసబెట్టి తుమ్ములు, ముక్కు బిగేసుకుపోవడం, దాన్ని ఎత్తుకున్న చేత్తో కన్ను నలుపుకున్నానంటే ఇంక సాయంత్రం దాకా ఎరుపు తగ్గదు. అత్తయ్యది రోజూ ఒకటే మాట, "దాన్ని తీసకపోయి చేపల మార్కెట్ కాడ వదిలేసి రామ్మాయ్, దాని బతుకు అది బతుకుద్ది". వదిలేసినా రేపటికల్లా తగ్గిపోయేది కాదత్తయ్యా, పిల్లి పోయాక కూడా నెలల తరబడి ఇంట్లో ఉంటదంట అది, సోఫాల్లో పరుపుల్లో గోడల మీద, అని చెప్పినా ఆమె నమ్మదు, పాప కోసం నేను కల్పించి చెప్తన్నా అనుకుంటది.

అది అంటే ఏందంటే ఒక ప్రోటీను, పేరు ఫెల్ డి 1. పిల్లి ఎంగిల్లో, చర్మం కింద నూనె గ్రంథుల్లో తయారవుద్ది. పిల్లి పొద్దస్తమానం ఒళ్లు నాక్కుంటానే ఉంటది కదా, ఆ ఎంగిలి ఎండిపోయి చర్మం పొట్టుతో కలిసి గాల్లోకి లేస్తది, అందులో బాగా సన్నవి గంటల కొద్దీ తేలతానే ఉంటాయి. అందుకే బొచ్చు తక్కువుండే జాతి తెచ్చుకుంటే సమస్య రాదు అనేది వట్టి మాట, గుండు చేయించినా రావాల్సింది వస్తానే ఉంటది. మగపిల్లికి ఆపరేషన్ చేయిస్తే ఈ ప్రోటీను కొంత తగ్గుద్ది, మాదానికి చేయించాం, దానివల్ల ఇంటి చుట్టూ అది చేసే కంపు కూడా ఆగింది, అది బోనస్. స్నానం చేయించినా తగ్గుద్ది గానీ కొద్దిరోజులకే మళ్లీ మామూలైపోద్ది, ఆ గీకుళ్లకి అది గిట్టుబాటు కాదు. ఒంగోల్లో మా అక్కోళ్లకి పెద్ద లాబ్రడార్ ఉంది, దాని పక్కన కూర్చున్నా నాకు ఒక్క తుమ్ము రాదు, కుక్కది వేరే ప్రోటీను కాబట్టి.

మిషన్ కొనకముందు చేయించాల్సింది ఇంకోటి ఉంది, అలర్జీ టెస్టు. అలర్జీ తెప్పించే ఒక్కోదాని రసం ముంజేతి మీద చుక్కలుగా పెట్టి సన్నగా గుచ్చుతారు, పావుగంట ఇరవై నిమిషాల్లో ఏది పడదో అక్కడ దద్దురు లేస్తది, పెద్ద నొప్పేం ఉండదు, కాకపోతే సెట్రిజిన్ లాంటి అలర్జీ బిళ్లలు దాదాపు వారం ముందే ఆపాల, లేకపోతే రిజల్టు సరిగా రాదు. నాకు పిల్లి చుక్క లేచింది నిజమే, దానికంటే పెద్దగా లేచింది డస్ట్ మైట్ చుక్క! అంటే పరుపుల్లో దిళ్లలో ఉండే కంటికి కనపడని పురుగు. సముద్రం పక్కన ఉక్క ఊళ్లు మనవి, తేమంటే దానికి మహా ఇష్టం. అంటే ఇన్నాళ్లూ సగం తిట్లు పిల్లి అన్యాయంగా తింది. ఈ మైట్ల బాపతు బరువు ఎక్కువ, దులిపినప్పుడు లేచి కాసేపట్లో కింద పడిపోతాయి, వాటిమీద ప్యూరిఫయర్ పెద్దగా పనిచేయదు, దుప్పట్లు దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకడం, పరుపుకి జిప్పుండే కవర్ వేయడం, అంతే. మాకు ఆ ఉతుకుడు మొదలుపెట్టాకే సగం తేడా తెలిసింది, అందుకే మిషన్‌కి ఫుల్ మార్కులు వేయలేకపోతున్నా.

ఇంక మిషన్ సంగతి. దాన్ని మా బెడ్రూంలో పెట్టాం, పిల్లికి ఆ గదిలోకి ఎంట్రీ లేదు, ఈ రెండూ కలిస్తేనే పని. పిల్లి మంచం మీదే పడుకుని ఉంటే ఏ మిషన్ అయినా చేసేదేం లేదు, అది వదిలేది వదుల్తానే ఉంటది కదా. హాల్లో అయితే తలుపులు ఎప్పుడూ తీసే ఉంటాయి, వచ్చేవాళ్లు పోయేవాళ్లు, అక్కడ పెట్టడం దండగ. డబ్బా మీద సీఏడీఆర్ అని ఒక నంబర్ ఉంటది, గంటకి ఎన్ని క్యూబిక్ మీటర్ల గాలి శుభ్రం చేస్తదో చెప్పేది. మాది 10 బై 12 గది, ఎత్తు 10 అడుగులు, అంటే సుమారు 34 క్యూబిక్ మీటర్లు, గంటకి అయిదు సార్లన్నా గాలంతా ఫిల్టర్లోంచి తిరగాలంటే 170 కావాల. డబ్బా మీద 200 పైనే ఉంది కదా అనుకుంటాం, ఆ నంబర్ ఫుల్ స్పీడ్‌ది! ఫుల్ స్పీడ్‌లో పెడితే ఆ రొదకి నిద్రెక్కడిది, స్లీప్ మోడ్‌లో పెడితే గాలి అందులో చిన్న వాటానే వస్తది. నేను పడుకోబోయే ముందు గంట సేపు ఫుల్‌లో వదిలి, పడుకునేటప్పుడు రెండో స్పీడ్‌కి తగ్గిస్తా. ఇంకా పెద్ద గదికి సరిపోయేది కొనుంటే చిన్న స్పీడ్‌లోనే పనైపోయేది, కాబట్టి కొనేవాళ్లు ఒక సైజు పెద్దదే చూడండి.

ఆటో మోడ్‌ని మాత్రం అస్సలు నమ్మొద్దు. వంటింట్లో ఎండుమిరపకాయల తాలింపు పడిందంటే చాలు ఎర్ర లైటేసుకుని గింగిర్లు తిరుగుద్ది, దోమల చుట్ట వెలిగిస్తే అదే గోల, భోగి పొద్దున అయితే చెప్పనక్కర్లేదు. పాప పొరపాటున తలుపు తీసి పెడితే పిల్లి వచ్చి నా దిండు మీద ముడుచుకుని పడుకుంది, అప్పుడు చూడాల, పచ్చ లైటు వెలుగుతా ప్రశాంతంగా ఉంది మిషను. దాని సెన్సార్ గాల్లో కణాలు ఎంత ఉన్నాయో లెక్కేస్తది అంతే, అది మిరపకాయ పొగో పిల్లి పొట్టో దానికేం తెల్సు. అయోనైజర్ అని, గాల్లో కణాలకి కరెంటు ఛార్జ్ ఎక్కించే ఇంకో బటన్ ఉంటది, నేను ఆఫ్‌లో పెట్టేశా, కొన్నిటికి ఓజోన్ అనే వాయువు వస్తది, అది ఊపిరితిత్తులకి మంచిది కాదు. చేపల పులుసు వాసన పోద్దా అని మా ఆడబిడ్డ అడిగింది, పోదు, అందులో ఉండే కార్బన్ పొర పల్చన, మామూలు వాసనలకే అంతంతమాత్రం.

కరెంటు భయం వద్దు, రాత్రంతా వేసినా నెలకి అయిదారు యూనిట్లు దాటదు, ఇన్వర్టర్ మీద కూడా నడుస్తది. చిరాకు ఏందంటే కరెంటు పోయొస్తే అది మళ్లీ తనంతట తాను ఆన్ అవ్వదు, అర్ధరాత్రి లేచి నొక్కాల. తలుపులు కిటికీలు వేసుకోవాల కాబట్టి ఎండాకాలం ఏసీతో పాటు బ్రహ్మాండంగా నడుస్తది, డిసెంబర్లో చల్లగాలికి కిటికీ తీసుకుని పడుకోవాలనిపిస్తది చూడండి, అప్పుడు మిషన్ ఉన్నా లేనట్టే.

పైన ఉండే జాలీ ఫిల్టర్‌ని రెండు వారాలకోసారి కడుగుతా, బూడిద రంగు దుప్పటి లాగా ఊడొస్తది. ఆ పని ఇంట్లో అలర్జీ లేనోళ్లు చేస్తే మంచిది, మా ఆయనకి అప్పజెప్పా, పిల్లిని వరండాలో దువ్వడం కూడా ఆయనదే. లోపలి హెపా ఫిల్టర్‌ని మాత్రం నీళ్లలో పెట్టొద్దు, తడిస్తే పాడైపోద్ది. చీపురుతో ఊడవడం మానేసి తడిగుడ్డతో తుడవడం, బెడ్రూంలో బరువు కర్టెన్లు తీసేయడం, ఇవి పైసా ఖర్చు లేనివి, ఇవి చేయకుండా మిషన్ కొంటే మూడున్నర కూడా రాదు.

మందు మానేశానా అంటే లేదు. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే సీజన్లో రోజూ వాడతా, అది తుమ్ము వచ్చినప్పుడు కొట్టేది కాదు, కొన్నాళ్లు వరసగా వాడితేనే గుణం కనపడుద్ది, కొట్టేటప్పుడు ముక్కు మధ్య గోడ వైపు కాకుండా బయటి వైపుకి తిప్పి కొట్టాల. బిళ్లలు మాత్రం చానా తగ్గాయి, అది నిజం. ఛాతీలో పిల్లికూతలు, ఆయాసం ఉండేవాళ్లు మాత్రం నా రివ్యూ చదివి మిషన్ ఆర్డర్ పెట్టుకోవద్దు, ముందు డాక్టర్ దగ్గరికి పోండి.

చివరిగా ఫిల్టర్ ఖర్చు. ఒరిజినల్ ఫిల్టర్ మిషన్ ధరలో నాలుగో వంతు దాకా ఉంది, చవకలో వేరే కంపెనీవి వస్తాయి గానీ ఒకటి తెప్పించి చూస్తే అంచుల్లో సందు ఉండి గాలి పక్కనుంచి పోతా ఉంది, వాపస్ పంపేశా. హెపా టైప్ అని రాసుండేవి హెపా కావు, అసలు హెపా అయితే 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతం పట్టాల, లేదంటే హెచ్13 అని (అది హెపాలో ఒక గ్రేడ్) రాసుండాల. మా మోడల్ ఇప్పుడు షాపుల్లో ఆగిపోయింది, ఫిల్టర్లు ఎప్పుడుంటాయో ఎప్పుడుండవో, కస్టమర్ కేర్ వాళ్లని అడిగితే చెన్నైలో కనుక్కోండి అంటారు. అందుకని కొనేముందు మిషన్ ధర చూడబాకండి, దాని ఫిల్టర్ విడిగా స్టాకుందా, ఎంతకిస్తన్నారు, అది చూడండి. నేనైతే ఉన్నప్పుడే రెండు కొని అల్మరా పైన పెట్టేశా.