సోయాకు డీఏపీనా, సూపరా?

తొలకరి పడగానే ఆదిలాబాద్, నిర్మల్ నల్లరేగళ్లలో సోయా వేసే రైతు ముందుగా వెతికేది డీఏపీ (డై అమ్మోనియం ఫాస్ఫేట్) ఎరువు కోసమే. ఒక్క 50 కిలోల బస్తాలో 23 కిలోల భాస్వరం, 9 కిలోల నత్రజని వస్తాయి. ఎకరాకు కావలసిన 24 కిలోల భాస్వరం దాదాపు తీరినట్టే. మోత తక్కువ, వేయడమూ తేలిక.

అదే భాస్వరం సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌తో ఇవ్వాలంటే మూడు బస్తాలు మోయాలి. నత్రజని కోసం పాతిక కిలోల యూరియా విడిగా కలపాలి. కూలీ ఖర్చు పెరిగే మాట నిజమే. అయినా నేను సూపర్‌నే ఎంచుకుంటాను. ఆ మూడు బస్తాల్లో 16 కిలోలకు పైగా గంధకం ఉంటుంది. డీఏపీలో అది లేదు. సోయా నూనెగింజ కూడా, పప్పుజాతి కూడా. గింజలో నూనె, మాంసకృత్తులు రెండూ నిండాలంటే గంధకం కావాలి. ఏటా డీఏపీ మాత్రమే పడే చేలో ఆ లోటు పెరుగుతూ పోతుంది. డీఏపీ తప్పదనుకుంటే గంధకం ఉన్న జిప్సం తోడు వేయండి.

ఏది వేసినా ఆఖరి దుక్కిలోనే వేయాలి, పొటాష్ సంగతి భూసార పరీక్ష చూసి తేల్చుకోవాలి. విత్తనానికి రైజోబియం (వేళ్లపై బుడిపెలు కట్టి నత్రజని అందించే సూక్ష్మజీవి) పట్టించడం మాత్రం మానొద్దు. నెల దాటాక ఒక మొక్కను మెల్లగా పెకిలించి వేరు బుడిపెను చీల్చి చూడండి. లోపల ఎర్రగా ఉంటే గాలిలోని నత్రజని మొక్కకు అందుతున్నట్టే. అప్పుడు పైపాటుగా యూరియా చల్లితే ఆ బుడిపెల పని మందగిస్తుంది, దయచేసి చల్లకండి.