1991 టొయోటా పికప్‌కి సాలిడ్ యాక్సిల్ వేసి ఆరేళ్లు: వాడాక తెలిసినవి

నెలకొకరైనా అడుగుతుంటారు, "అన్నా, నా పికప్‌కి కూడా సాలిడ్ యాక్సిల్ వేద్దామనుకుంటున్నా, నీదెట్లా ఉంది?" అని. ఫోన్లో రెండు ముక్కలు చెబితే సగమే చేరుతోంది. ఆ సగం విన్నవాళ్లు పోయి గ్రైండర్ కొనుక్కుంటున్నారు. అందుకే తీరిగ్గా రాస్తున్నా. సాలిడ్ యాక్సిల్ అంటే ముందు రెండు చక్రాలనూ కలిపే ఒకటే ఇనప దూలం. తీర్పు ముందే చెప్పేస్తా: రాళ్ల మీద బంగారం, హైవే మీద బర్రె. డబ్బులు యాక్సిల్ కంటే స్టీరింగే ఎక్కువ తింటుంది. మీ శని, ఆదివారాలను మాత్రం యాక్సిలే తింటుంది.

మేముండేది ఆరిజోనాలో, చాండ్లర్‌లో. బండి 1991 టొయోటా పికప్, ఎక్స్‌ట్రా క్యాబ్, ఫోర్ వీల్ డ్రైవ్, 22ఆర్‌ఈ ఇంజను, ఐదు గేర్ల మాన్యువల్. 2014లో కొన్నా. నాలుగేళ్లు కంపెనీ ఇచ్చిన, ముందు చక్రాలు దేనికది విడిగా ఊగే ఇండిపెండెంట్ సస్పెన్షన్‌తోనే, 33 అంగుళాల టైర్లతో తిరిగా. 2018 డిసెంబరు సెలవుల్లో యాక్సిల్ పని మొదలుపెట్టి, పది రోజుల్లో అయిపోతుందని ఇంట్లో చెప్పి, మార్చిలో రోడ్డెక్కించా. అప్పట్నుంచి 23 వేల మైళ్లు తిరిగింది. ఆఫీసుకు వేరే కారుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

అమెరికాలో 1979 నుంచి 1985 దాకా అమ్మిన టొయోటా ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌లన్నిటికీ ముందు వైపు సాలిడ్ యాక్సిలే ఉండేది, కమాన్లతో (లీఫ్ స్ప్రింగులతో). 1986లో దాన్ని తీసేసి టార్షన్ బార్ల (మెలితిరిగే కడ్డీల) ఇండిపెండెంట్ సస్పెన్షన్, అంటే ఐఎఫ్ఎస్, పెట్టారు. ఇక్కడ కొనేవాళ్లు ఎక్కువగా రోడ్డు మీద నడిపేవాళ్లు, వాళ్లకు మెత్తగా పోయే బండి కావాలి. ఆస్ట్రేలియాలో మాత్రం హైలక్స్‌కి 1997 దాకా సాలిడ్ యాక్సిల్ దొరికింది. అంటే మేమేదో కొత్తగా కనిపెట్టిందేం లేదు, టొయోటా తీసేసినదాన్ని తిరిగి పెట్టుకుంటున్నాం, అంతే. 1985 మోడల్‌కి ఫ్యూయల్ ఇంజెక్షనూ ఈ యాక్సిలూ రెండూ కలిసొచ్చాయి కాబట్టే దాని రేటు ఇంకా దిగట్లేదు.

2022లో మా నాన్న వచ్చినప్పుడు బండి కిందికి వంగి చూసి, "ఏందిరా ఇది, లక్షలు పోసి మళ్లీ మహీంద్రా జీపు చేశావా?" అన్నాడు. మార్కాపురంలో ఆయన ఇరవై ఏళ్లు ఆ జీపే నడిపాడు. ఎడ్లబండి ఇరుసులాగా ఈ చక్రం నుంచి ఆ చక్రానికి ఒకటే దూలం, దానికి అటూ ఇటూ కమాన్లు. ఆయనకది చుట్టం ఇంటికొచ్చినట్టుంది. ఎడమ చక్రం వెనక గుండు మీద వేలితో రాసి, వాసన చూసి, "సీలు పోయిందిరా, ఇది గ్రీజు కాదు, గేరాయిలు" అన్నాడు. నిజమే. నేను మూడు వారాలుగా అది ఉత్త గ్రీజేనని సర్దిచెప్పుకుంటున్నా.

ఐఎఫ్ఎస్‌తో నాకున్న గొడవేంటో చెప్పాలి. 33 టైర్లు వేశాక స్టీరింగ్ కడ్డీలను పట్టుకునే ఐడ్లర్ ఆర్మ్ బుష్షులు ఏడాది తిరక్కముందే వదులయ్యేవి. స్టీరింగ్ రిలే రాడ్ రెండుసార్లు వంగింది. బండి ఎత్తు పెంచడంతో చక్రాలకు బలం అందించే సీవీ జాయింట్లు ఎప్పుడూ వంకరగానే తిరిగి వాటి రబ్బరు తొడుగులు చిరిగేవి. అన్నిటికంటే ముఖ్యం, కుడి చక్రం రాయెక్కితే ఎడమ చక్రానికి ఆ సంగతే పట్టదు. అది గాల్లో వేలాడుతూ తిరుగుతుంటుంది, బండి కదలదు. సాలిడ్ యాక్సిల్‌లో కుడి కొస పైకి లేస్తే ఎడమ కొస తక్కెడలాగా కిందికి నొక్కుకుపోతుంది, చక్రం నేలను వదలదు. ఇంకోటి, ఐఎఫ్ఎస్ అణిగినప్పుడు డిఫ్ (చక్రాలకు బలం పంచే గేర్ల డబ్బా, డిఫరెన్షియల్) కూడా నేలకు దగ్గరవుతుంది. ఇక్కడ డిఫ్ చక్రంతోపాటే లేస్తుంది, కాబట్టి దాని కింద ఖాళీ ఎప్పుడూ అంతే.

ఫ్లోరెన్స్ దగ్గర మార్టినెజ్ క్యాన్యన్‌లో ఒక మెట్టు దగ్గర పాత సస్పెన్షన్‌తో మూడుసార్లు వించి తాడుతో లాగించుకున్నా. యాక్సిల్ మార్చాక అదే చోట, లో రేంజ్‌లో ఒకటో గేరు వేసి, యాక్సిలరేటర్ మీద కాలు తీసేశా. ముందు చక్రం రాయిని తడుముకుంటూ ఎక్కింది, కమాను కిర్రుమంది, బండి పక్కకు ఒరిగి ఆగి మళ్లీ ఎక్కింది. నా పక్కన కూర్చున్న బావ పైనున్న పట్టీని వదిలేసి "అంతేనా?" అన్నాడు. అంతే. ఆరేళ్లలో ఈ సుఖం తగ్గలేదు.

ఇక పని సంగతి. ఒక 1983 బండి యాక్సిల్ తుక్కు యార్డులో 600 డాలర్లకు దొరికింది. ఐఎఫ్ఎస్ బ్రాకెట్లన్నీ కోసి చాసిస్‌ని నున్నగా చేయడానికే నాలుగు శనివారాలు పట్టింది. ముక్కులోంచి వారం రోజులు నల్లగా వచ్చింది, మాస్కు మంచిది పెట్టుకోండి. కమాన్లు తగిలించే హ్యాంగర్ల వెల్డింగ్ నేను ముట్టుకోలేదు, సర్టిఫికెట్ ఉన్న మనిషితో చేయించా. వెల్డింగ్ నేర్చుకోవాలనుకుంటే ట్రైలర్ మీద నేర్చుకోండి, స్టీరింగ్ తగిలే చోట వద్దు. ఈ పాత యాక్సిల్ ఐఎఫ్ఎస్ కంటే దాదాపు మూడంగుళాలు వెడల్పు తక్కువ, అందుకని ముందు చక్రాలకు చెరో వైపు ఒకటిన్నర అంగుళం స్పేసరు వేశా. 35 టైర్లకు డిఫ్ లోపలి గేర్లు (క్రౌన్ పినియన్) 5.29 రేషియోవి పెట్టించా, ముందూ వెనకా ఒకటే రేషియో ఉండాలి కదా. ఇక్కడొక లాభం ఉంది: నా బండిలో ముందు డిఫ్, వెనక డిఫ్ రెండూ ఎనిమిది అంగుళాలవే. డిఫ్ గేర్ల సెట్టు ఒకటి స్పేర్ ఉంచుకుంటే ఎటైనా వేసుకోవచ్చు. టైర్లు, గేర్లు, బ్రేకులు, ముందు షాఫ్టు అన్నీ కలిపి 8 వేల డాలర్లు దాటింది. నేను ముందు రాసుకున్న లెక్క నాలుగున్నర వేలు.

ఆ తేడాలో పెద్ద వాటా స్టీరింగ్‌ది. పాత పద్ధతిలో స్టీరింగ్ బాక్సును చక్రానికి కలిపే కడ్డీ (డ్రాగ్ లింకు) ముందుకీ వెనక్కీ పోతుంది. కమాను ఊగినప్పుడల్లా అది చక్రాన్ని తనంతట తానే తిప్పేస్తుంది. దాని బదులు అందరూ చేసేది, ఐఎఫ్ఎస్ స్టీరింగ్ బాక్సునే చాసిస్ బయటికి జరిపి, లింకును అడ్డంగా కుడి చక్రం దాకా తీసుకుపోవడం. నేనూ అదే చేశా. కానీ బాక్సు బిగించే చోట చాసిస్ లోపల స్లీవులు (గొట్టం ముక్కలు) పెట్టి, బయట ప్లేటు వేయడం మానేశా. తొందర. పద్నాలుగు నెలల తర్వాత బండి కడుగుతుంటే బోల్టు రంధ్రం నుంచి వెంట్రుకంత సన్నగా తుప్పు గీత కనబడింది. గోరుతో గీకితే పోలేదు. అది పెయింటు కాదు, చాసిస్ చిట్లింది. చీలిక కొసన చిన్న రంధ్రం వేసి, వెల్డింగ్ చేయించి, అప్పుడు ప్లేటు వేయించా. మొదట్లోనే చేసుంటే అరవై డాలర్ల ఇనుముతో పోయేది.

రెండోది క్యాస్టర్, అంటే చక్రం పక్కకు తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం. కొత్త కమాన్లతో కొలిపిస్తే దాదాపు సున్నా వచ్చింది. ఐ-17 హైవే మీద బండి తాగినోడిలాగా అటూ ఇటూ తూలేది. కమాను కింద నాలుగు డిగ్రీల వాలున్న ఇనప ముక్కలు పెట్టాక దారికొచ్చింది. దానివల్ల డిఫ్ ముక్కు కిందికి దిగి ముందు షాఫ్టు కోణం చెడుతుంది. ఫోర్ వీల్‌లో పాతిక మైళ్ల స్పీడు దాటితే గొణుగుతుంది. హైవే మీద హబ్బులు ఫ్రీలో ఉంటాయి కాబట్టి షాఫ్టే తిరగదు, అందుకే నేను పట్టించుకోలేదు. పద్ధతైతే నకిల్స్ (యాక్సిల్ కొసల్లో చక్రాన్ని మోసే కీళ్లు) కోసి తిప్పి వెల్డ్ చేయడం.

మూడోది భయం. 2021లో బీలైన్ హైవే మీద పేసన్ నుంచి దిగుతూ, 50 మైళ్ల స్పీడులో వంతెన అతుకు మీద ఎడమ చక్రం తగిలింది. స్టీరింగ్ చేతుల్లోంచి లాక్కున్నట్టు దడదడ కొట్టుకోవడం మొదలుపెట్టింది. డ్యాష్ మీద కాఫీ నా ఒళ్లో, మా ఆవిడ చెయ్యి నా మోచేతి మీద. మెల్లగా ఆపాక గానీ ఆగలేదు. స్టీరింగ్ డ్యాంపర్ (కుదుపు పీల్చే షాక్) మార్చమన్నవాళ్లు పదిమంది. డ్యాంపర్ రోగాన్ని దాస్తుందే తప్ప తగ్గించదు. రెండు చక్రాలనూ కలిపే టై రాడ్ విప్పి, నకిల్ ఆర్ముకు చేపలు తూచే స్ప్రింగ్ కాటా తగిలించి లాగి చూశా. కుడి వైపు గట్టిగా పట్టుకుని కదిలింది, ఎడమ వైపు కాటా ముల్లు లేవకముందే నకిల్ తిరిగిపోయింది. నకిల్ తిరిగే కింగ్ పిన్ బేరింగులు అరిగి బిగువు పోయింది. కొత్త బేరింగులు, సరైన షిమ్ములు వేశాక ఆ దడ మళ్లీ రాలేదు. ఆ కాటా ఖరీదు పన్నెండు డాలర్లు. నా టూల్‌బాక్సులో అంతకంటే విలువైనది లేదు.

ఇప్పుడు గ్రీజు గురించి. ఈ యాక్సిల్ చివర్లలో, స్టీరింగ్ తిప్పినా చక్రానికి బలం అందించే బర్‌ఫీల్డ్ జాయింటు ఒక ఇనప గుండులో మాలిబ్డినం గ్రీజులో మునిగి ఉంటుంది. లోపలి సీలు పోతే డిఫ్‌లోని గేరాయిలు అందులోకి దిగి, రెండూ కలిసి నల్లటి పులుసవుతాయి. అది టైరు లోపలి వైపు కారుతుంది. ఆరేళ్లలో మూడుసార్లు విప్పా. ప్రతిసారీ రెండు రోజులు, రెండు కట్టల పాత బనియన్లు. ఆర్ములు బిగించే నట్ల కింద కోన్ వాషర్లుంటాయి, చీలిన చిన్న గంటల్లాంటివి. అవి బిగుసుకుపోయి రావు. నట్టు సగం వదులు చేసి స్టడ్డు కొస మీద ఇత్తడి సుత్తితో కొట్టాలి. పది దెబ్బలకు ఏమీ కాదు, పదకొండో దెబ్బకు టప్పున వదులొస్తుంది. ఆ స్టడ్లు ఏటా ఒకసారి టార్క్ రెంచితో చూడాలి. యూటాలోని మోయాబ్‌లో ఒకసారి నాలుగింట్లో ఒకటి చేత్తో తిరిగింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

జాయింటు ఒకసారే విరిగింది. స్టీరింగ్ మొత్తం తిప్పి, లాకర్ (రెండు చక్రాలూ కలిసే తిరిగేలా డిఫ్‌ని బిగించేది) వేసి, గ్యాస్ తొక్కా. తప్పు నాదే. కర్ర విరిగినట్టు ఒకే చప్పుడు. స్పేర్ ఉంది కాబట్టి రెండు గంటల్లో ఇసకలో కూర్చుని మార్చుకున్నా.

రోడ్డు మీద ఎలా ఉంటుందని అడిగితే, గతుకుల మట్టి రోడ్డు మీద ఐఎఫ్ఎస్సే గెలుస్తుంది. రేకు మడతల్లాంటి ఆ గతుకుల మీద ఈ యాక్సిల్ పక్కకు గంతులేస్తుంది. పళ్లు కదులుతాయి. 22ఆర్‌ఈకి ఉన్నవి 116 గుర్రాలు. ఐ-17 మీద సన్‌సెట్ పాయింట్ ఎక్కేటప్పుడు మూడో గేరులో, లారీల వెనక, హజార్డ్ లైట్లు వేసుకుని పోతా. గ్యాలనుకు 20 మైళ్లిచ్చేది ఇప్పుడు 15. 35 టైర్లకు పాత బ్రేకులు చాలవు, వీ6 మోడల్ కాలిపర్లు వేశాక గుండె కుదుటపడింది. అమ్మ బండెక్కాలంటే చిన్న స్టూలు వేస్తా.

ఇండియాలో ఉన్న తమ్ముళ్లకు ఒక మాట. అక్కడ కంపెనీ స్పెసిఫికేషన్ నుంచి మార్చితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది. ఇంత అవస్థ మీకెందుకు, పాత జిప్సీ వెతుక్కోండి. దాని ముందు యాక్సిల్ పుట్టుకతోనే సాలిడ్.

నాకు ఆఫీసుకు వేరే కారుందని చెప్పానుగా. ఉన్నది ఒక్క బండే అయితే ఈ పని పెట్టుకోవద్దు. 33 టైర్లలోపు తిరిగేవాళ్లకు వెనక డిఫ్‌లో లాకరు, మంచి ఐడ్లర్ ఆర్ము, గట్టి రిలే రాడ్ చాలు. నేను పోయిన దారుల్లో ముప్పాతిక వంతు దానితోనే పోవచ్చు. మిగిలిన పావు వంతు కోసమే నేనిదంతా చేసుకున్నా.

మొన్న సంక్రాంతికి గుడి పార్కింగులో ఒక కుర్రాడు తన 1993 పికప్ చూపించి సలహా అడిగాడు. అరగంట నిలబెట్టి ఇదే చెప్పా. బుద్ధిగా తలూపాడు, నా నంబరు తీసుకున్నాడు. నెల తిరక్కుండా ఫోన్ చేశాడు, స్ప్రింగ్ కాటా రెండు రోజులకు ఇస్తారా అని.