జెడ్ డ్రైవ్ మీద ఎర్ర గుర్తు: మా ఆఫీసు ఆన్‌లైన్ ఫోల్డర్ సర్వీసుతో ఏడాది అనుభవం

చెన్నై జార్జి టౌన్‌లో, గోవిందప్ప నాయకన్ వీధి పక్క సందులో మా ఆడిటర్ గారి ఆఫీసు. ఆరుగురం పనిచేస్తాం. మా క్లయింట్లలో సగానికి పైగా ఆ చుట్టుపక్కల హోల్‌సేల్ వ్యాపారం చేసే తెలుగువాళ్లే. పెద్దతరం వాళ్లు కొందరు ఇప్పటికీ చిట్టా (రోజువారీ లెక్కల పుస్తకం), ఆవర్జా (ఖాతాల పుస్తకం) తెలుగులోనే రాయిస్తారు. ఆ పుస్తకాలు స్కాన్ చేసి, బిల్లులతో పాటు భద్రంగా ఉంచడానికి కిందటేడు ఒక ఆన్‌లైన్ ఫోల్డర్ సర్వీసుకు ఏడాది చందా కట్టాం. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటిది ఎవరి దగ్గర తీసుకున్నా ఈ చిక్కులు దాదాపు ఇవే, అవి తెలిస్తే చాలు.

ముందు మంచి చెప్తాను. బ్రౌజర్‌లో వాడినంత వరకు నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఫైలు పాత రూపం వెనక్కి తెచ్చుకోవచ్చు, క్లయింటుకు లింకు పంపి తనే బిల్లులు ఎక్కించేలా చేయొచ్చు. ఏడాదిలో ఒక్క కాగితం పోలేదు.

చిక్కంతా జెడ్ డ్రైవ్‌తోనే. ఆ ఫోల్డర్‌ని మన కంప్యూటర్‌లో సీ, డీ డ్రైవ్‌ల పక్కన జెడ్ అనే అక్షరంతో ఇంకో డ్రైవ్‌లా పెట్టుకోవచ్చని అమ్మేటప్పుడే చెప్పారు. మేం తీసుకున్నది కూడా దానికోసమే. మా ఆఫీసులో ఇద్దరు పెద్దవాళ్లకు బ్రౌజర్‌లో వెతకడం అలవాటు లేదు. మై కంప్యూటర్ తెరిచి, క్లయింటు పేరున్న ఫోల్డర్ నొక్కితే ఎక్సెల్ షీటు రావాలి, అంతే.

మొదటి ఎనిమిది నెలలు అలాగే వచ్చింది. ఆ తర్వాత ఒక నెల 18వ తేదీన, ఇకనుంచి లాగిన్‌కి ఓటీపీ తప్పనిసరి అని ఈమెయిల్ వచ్చింది. భద్రత కోసమే కదా అని సాయంత్రం అందరం ఓటీపీ ఆన్ చేసుకుని, పాస్‌వర్డ్‌లు కూడా మార్చి ఇళ్లకు వెళ్లాం. మర్నాడు పొద్దున ఆరు కంప్యూటర్లలోనూ జెడ్ మీద ఎర్రటి ఇంటూ గుర్తు. నొక్కితే చిన్న పెట్టె తెరుచుకుని పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. కొత్త పాస్‌వర్డ్ కొడితే రెండు క్షణాలు ఆలోచించి మళ్లీ అదే పెట్టె. ఎన్నిసార్లు కొట్టినా అదే. అదే పాస్‌వర్డ్‌తో బ్రౌజర్‌లో మాత్రం చక్కగా లోపలికి వెళ్తున్నాం.

మర్నాడు 20, జీఎస్టీఆర్-3బి అనే నెలవారీ జీఎస్టీ రిటర్నుకు ఆఖరు తేదీ. పదకొండు మంది క్లయింట్లవి పెండింగ్. ఆడిటర్ గారు గది తలుపు దగ్గరికి వచ్చి, "ఏమయ్యా, ఇంకా తెరుచుకోలేదా?" అన్నారు. "లేదండీ, మళ్లీ పాస్‌వర్డే అడుగుతోంది" అన్నాను. ఆయన ఏమీ అనలేదు, కానీ ఆ టెన్షన్ నాకు ఇంకా గుర్తుంది. మధ్యాహ్నానికి ఆయన ఖాతా లాక్ కూడా అయింది. ఇక ఆయనకు బ్రౌజర్‌లోనూ దారి లేదు.

సపోర్ట్ వాళ్లకు ఫోన్ చేస్తే, "సార్, పాస్‌వర్డ్ రీసెట్ చేయండి" అన్నారు. చేశాం. "కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి." అదీ చేశాం. రెండో రోజు ఇంకొకాయన లైన్‌లోకి వచ్చి అసలు మాట చెప్పాడు. డ్రైవ్‌గా పెట్టుకున్నప్పుడు విండోస్ ఆ ఫోల్డర్‌తో వెబ్‌డావ్ అనే పద్ధతిలో మాట్లాడుతుంది. ఇది 1999 నాటి పద్ధతి. వీళ్ల సర్వీసులో దానికి తెలిసింది పేరు, పాస్‌వర్డ్ మాత్రమే. బ్రౌజర్‌కైతే ఓటీపీ అడగడానికి ఒక పేజీ ఉంది, ఆ చిన్న పెట్టెలో ఓటీపీ కొట్టే చోటే లేదు. అందుకని ఖాతా సెట్టింగ్స్‌లోకి వెళ్లి డ్రైవ్ కోసం విడిగా ఒక యాప్ పాస్‌వర్డ్, అంటే ఓటీపీ అడగని వేరే పాస్‌వర్డ్, తయారు చేసుకుని, అది ఇవ్వాలి. ఐదు నిమిషాల పని. ఆ ఈమెయిల్‌లోనే ఒక్క వాక్యం రాసి ఉంటే మాకు రెండు రోజులు పోయేవి కావు. నాకు నిజంగా కోపం వచ్చింది ఇక్కడే.

యాప్ పాస్‌వర్డ్ ఇచ్చాక నాలుగు కంప్యూటర్లు దారికొచ్చాయి. మిగతా రెండింటికీ వేరే రోగాలు. ఆడిటర్ గారి దాంట్లో పాత పాస్‌వర్డ్ విండోస్ దాచిపెట్టుకుని ఉంది. మెషీన్ ఆన్ చేసిన ప్రతిసారీ దాన్నే పంపుతోంది. ఖాతా లాక్ అవడానికి కారణం అదే. కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్ కింద ఆ సర్వీసు పేరున్న వరస తీసేస్తే పోయింది. రెండో మెషీన్‌ని ఈమధ్యే కొత్తగా అమర్చారు. దాంట్లో డ్రైవ్ చిరునామా హెచ్‌టీటీపీఎస్ బదులు, చివర ఎస్ లేకుండా హెచ్‌టీటీపీ అని కొట్టారు. అలాంటి చిరునామాకు విండోస్ మామూలుగా ఈ రకం పాస్‌వర్డ్ పంపనే పంపదు. మా జూనియర్ అమ్మాయి ఆ ఒక్క అక్షరం తేడా పట్టుకుంది.

ఇక పెద్ద ఫైళ్లు. ఒక వ్యాపారి గారి ఆవర్జా మొత్తం రంగుల్లో స్కాన్ చేస్తే 80 ఎంబీ దాటింది. బ్రౌజర్‌లో ఎక్కింది, జెడ్ నుంచి డెస్క్‌టాప్ మీదికి కాపీ చేయబోతే ఫైలు సైజు పరిమితి దాటిందని 0ఎక్స్800700డీఎఫ్ అనే ఎర్రర్. మేం చందా కట్టిన కంపెనీని తిట్టుకున్నాం కానీ ఇందులో వాళ్ల తప్పు లేదు. విండోస్ ఈ దారిన 5 కోట్ల బైట్ల కంటే, అంటే సుమారు 47 ఎంబీ కంటే పెద్ద ఫైలును తనంతట తాను రానివ్వదు. విండోస్ లోపలి సెట్టింగులుండే రిజిస్ట్రీలో ఫైల్‌సైజ్‌లిమిట్‌ఇన్‌బైట్స్ అనే అంకె పెంచి, మెషీన్ రీస్టార్ట్ చేస్తే 4 జీబీ దాకా వస్తుంది. రిజిస్ట్రీ ముట్టుకోవడం నాకు భయం, అందుకని మా కంప్యూటర్లు చూసే అబ్బాయి చేతే చేయించాను. మీరూ అలాగే చేయించండి.

ఫోల్డర్ తెరుచుకోవడానికి నిమిషం పడుతోందా? ఇంటర్నెట్ ఆప్షన్స్‌లో, కనెక్షన్స్, ల్యాన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, సెట్టింగ్స్ ఆటోమేటిక్‌గా కనిపెట్టమనే టిక్కు తీసి చూడండి. మాకు తేడా వెంటనే కనిపించింది. కానీ మీ ఆఫీసులో ప్రాక్సీ (నెట్‌కి వెళ్లే దారిలో మధ్యన ఉండే సర్వర్) ఉంటే, దాన్ని చూసేవాళ్లను అడిగి చేయండి.

అసలు డ్రైవే దొరకడం లేదంటే విండోస్ సర్వీసెస్ జాబితాలో వెబ్‌క్లయింట్, అంటే వెబ్‌డావ్ పని చూసే విండోస్ భాగం, నడుస్తోందో లేదో చూడాలి. దాని గురించి ఒక సంగతి తెలుసుకున్నాక నా అభిప్రాయం చాలా మారింది. 2023 నవంబరులోనే మైక్రోసాఫ్ట్ ఈ వెబ్‌క్లయింట్‌ని ఇక అభివృద్ధి చేయని వాటి జాబితాలో పెట్టింది. అంటే డ్రైవ్ అక్షరం ఇవాళ పనిచేసినా, దాన్నే నమ్ముకుని ఆఫీసు నడపకూడదు. ఈ సంగతి తెలిసీ ఆ సౌకర్యాన్నే మొదటి పేజీలో పెట్టి అమ్మడం నాకు నచ్చలేదు.

అందుకని ఇప్పుడు నాలుగు మెషీన్లలో ఆ సర్వీసు వాళ్ల సింక్ యాప్ పెట్టుకున్నాం. ఫైళ్లు కంప్యూటర్‌లోనే ఉంటాయి, నెట్ పోయినా పని ఆగదు, ఓటీపీ కూడా యాప్‌లోనే అడుగుతుంది. ఇద్దరు పెద్దవాళ్ల మెషీన్లలో మాత్రం జెడ్ ఉంచాం. యాప్ పాస్‌వర్డ్‌లు చీటీ మీద రాసి మానిటర్‌కి అంటించకుండా, ఆడిటర్ గారి బీరువాలో కవరులో పెట్టాం.

ఐదుకి మూడు స్టార్లు ఇస్తున్నాను. భద్రతకూ బ్రౌజర్‌కూ నాలుగున్నర ఇచ్చేవాణ్ని. తగ్గించింది సపోర్ట్, ఆ ఒక్క ఈమెయిల్. చందా వచ్చే నెల కట్టాలి. డ్రైవ్‌కి యాప్ పాస్‌వర్డ్ కావాలన్న మాట లాగిన్ పేజీలో కనబడేలా రాయమని వాళ్లకు ఉత్తరం పంపాను. జవాబు చూసి కడతాం.