హావ్‌లాక్ వెళ్తున్న మన బరంపురం వాళ్లు ఆ లాబ్‌స్టర్ టబ్బుల దగ్గర జాగ్రత్త

మొన్న రాత్రే అండమాన్ నుంచి ఇంటికి చేరాం. కోపం ఇంకా దిగలేదు, అందుకే ముందూ వెనకా సర్దుకోకుండా రాసేస్తున్నాను. క్రిస్మస్‌కీ సంక్రాంతికీ మనవాళ్లు చాలామంది టికెట్లు చేసుకున్నారని తెలుసు, వాళ్లు బయల్దేరేలోపు ఇది చదవాలి.

అమ్మకు సెల్యులార్ జైలు చూడాలని ఎప్పటినుంచో కోరిక. భువనేశ్వర్, కోల్‌కతా మీదుగా వెళ్లాం, పోర్ట్ బ్లెయిర్‌లో జైలు చూశాం, మర్నాడు హావ్‌లాక్ ఫెర్రీ ఎక్కాం. 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు కానీ అక్కడ అందరూ ఇంకా హావ్‌లాక్ అనే అంటున్నారు. రాధానగర్ బీచ్‌లో సూర్యాస్తమయం చూసి ఆకలితో వెనక్కి వస్తున్నాం. వెళ్లినవాళ్లకు తెలుసు, చీకటి పడితే హోటళ్ల ముందు టబ్బుల్లో చేపలు, పీతలు, లాబ్‌స్టర్లు పెట్టి పిలుస్తుంటారు. పాప ఒక టబ్బు దగ్గర ఆగిపోయింది. మేం తెలుగులో మాట్లాడుకోవడం విని మేనేజరు బయటికి వచ్చాడు. "ఏ ఊరు అన్నయ్యా? బరంపురమా? మాది ఇచ్ఛాపురం పక్కనే, రండి వదినా, రండమ్మా, కూర్చోండి" అన్నాడు.

అక్కడే నేను పడిపోయాను. మన సంగతి మీకు చెప్పాలా, ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, పిల్లలకు బడిలో ఒడియా, ఇంగ్లీషు. సొంతూళ్లోనే తెలుగు మాట కోసం చెవులు రిక్కించే వాళ్లం, సముద్రం మధ్యలో ఒకడు ఎదురొచ్చి వదినా అని పిలిస్తే ఇంకేం ఆలోచిస్తాం? ఇచ్ఛాపురం అంటే మన పక్క ఊరే కదా అనుకున్నాను.

"అందరికీ కిలో నాలుగు వేల ఐదొందలు అన్నయ్యా, మీకు మూడు వేలు" అన్నాడు. పాప ఒకదాన్ని చూపించింది. తోక టపటపా కొడుతోంది, నీలంగా, చారలతో మంచి హుషారుగా ఉంది. మా కళ్లముందే కాటాలో పెట్టాడు, 920 గ్రాములు. పాప ఆ కాటాతో కలిపి ఫోటో తీసుకుంది. లెక్క ప్రకారం 2,760 రూపాయలు. దాంతోపాటు అన్నం, పప్పు, చేపల వేపుడు చెప్పాం. లాబ్‌స్టర్‌ను లోపలికి తీసుకెళ్లారు.

గంట తర్వాత ప్లేటు వచ్చింది. నిలువునా చీల్చి, పైన వెన్న, వెల్లుల్లి దట్టంగా పోసి ఉంది. అమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని "ఇది ఇందాకటిది కాదురా, ఎప్పుడో చచ్చిన సరుకు, పిండి పిండిగా ఉంది" అంది. నలభై ఏళ్లుగా గోపాలపూర్ రొయ్యలూ చిలికా పీతలూ కొని వండిన మనిషి. నేను ఏం చేశానంటే, "ఊరుకో అమ్మా, వినిపిస్తుంది, మనవాడు బాధపడతాడు" అన్నాను. ఆమె మళ్లీ మాట్లాడలేదు, ముక్క పక్కన పెట్టేసి పప్పన్నం తింది. ఆ ఒక్క మాట ఎందుకన్నానా అని మూడు రోజులుగా నన్ను నేను తిట్టుకుంటున్నాను.

తర్వాత చీటీ వచ్చింది. లాబ్‌స్టర్ 1 కిలో 400 గ్రాములు, వంద గ్రాములకు 450 చొప్పున 6,300. మిగతా భోజనం 1,240. దాని మీద పది శాతం సర్వీస్ ఛార్జీ, ఆపైన జీఎస్టీ అని ఐదు శాతం, మొత్తం 8,709. జీఎస్టీ నంబరు లేదు, బిల్లు నంబరు లేదు, పెన్నుతో రాసిన తెల్ల కాగితం.

నేను మెల్లగానే అడిగాను. "మసాలాతో కలిపి తూకం అన్నయ్యా" అన్నాడు. మూడు వేలు అన్నావు కదా అంటే, నేననలేదన్నాడు. పాప ఫోటో చూపించింది. అమ్మ కూడా లేచి దగ్గరికి వెళ్లి "ఒకసారి ఫోటో చూడు నాయనా, పొరపాటున రాసుంటావు" అంది.

వాడు అమ్మ వైపు చూడలేదు. ఆమె తల మీదుగా నన్ను చూసి, పక్క టేబుళ్ల వాళ్లందరికీ వినిపించేలా "యే ఆప్‌కా గావ్ నహీ హై, రేట్ యహీ హై" (ఇది మీ ఊరు కాదు, రేటు ఇంతే) అన్నాడు. అప్పటిదాకా అన్నయ్యా, వదినా, అమ్మా అన్నవాడు ఒక్క క్షణంలో హిందీలోకి మారిపోయాడు. తర్వాత మేం తెలుగులో ఏం అడిగినా తనకు ఆ భాషే రానట్టు నిలబడ్డాడు. అమ్మకు తెలుగు, ఒడియా తప్ప హిందీ రాదు. "ఏమంటున్నాడురా?" అని నన్ను అడుగుతోంది. ఆమెకు ఏం చెప్పను? వాడి తెలుగు మమ్మల్ని కూర్చోబెట్టడానికి పనికొచ్చింది, మా అమ్మకు జవాబు చెప్పడానికి పనికిరాలేదు. డబ్బు పోయిందన్న బాధ తగ్గుతుందేమో గానీ ఇది మాత్రం తగ్గేలా లేదు.

ఇద్దరు కుర్రాళ్లు వచ్చి వెనక నిలబడ్డారు. పాప ఏడుపు మొదలుపెట్టింది. ఫోన్‌పే చేద్దామంటే నెట్‌వర్క్ లేదన్నారు, తిరుగు ప్రయాణానికి దాచుకున్న క్యాష్ తీసి ఇచ్చేశాను.

తిరిగి పోర్ట్ బ్లెయిర్ వచ్చాక, అదే, 2024 నుంచి శ్రీ విజయ పురం, జంగ్లీఘాట్ చేపల మార్కెట్‌కు వెళ్లాం. అక్కడ తెలుగు బాగా వినిపిస్తుంది, శ్రీకాకుళం, విశాఖ తీరం నుంచి ఎప్పుడో వెళ్లి స్థిరపడిన కుటుంబాలు. ఒక పెద్దావిడ అమ్మతో మాట కలిపి, ఏమీ అమ్మకుండానే అరగంట కూర్చోబెట్టి అన్నీ చెప్పింది. ప్రాణంతో ఉన్నదాన్ని వండితే తోక లోపలికి గట్టిగా ముడుచుకుంటుందట, చచ్చి చాలాసేపు అయినదైతే వదులుగా చాచుకుని ఉంటుంది. చచ్చాక కండ తొందరగా మెత్తబడిపోతుంది కాబట్టే అమ్మకు పిండిలా తగిలింది. ఇక్కడి లాబ్‌స్టర్లకు పీతలకున్నట్టు పెద్ద డెక్కలుండవు, తినే కండంతా దాదాపు తోకలోనే, కాబట్టి కిలో కొంటే సగం కూడా ప్లేటులోకి రాదు. మా ప్లేటులో తోక స్కేలు పెట్టినట్టు నిటారుగా ఉంది. ఆవిడ కూడా మనవాళ్లే, అందుకే ఇది చదివి అక్కడి తెలుగువాళ్లందరినీ ఒకే గాటన కట్టకండి.

వెళ్లేవాళ్లు కిలో రేటా, వంద గ్రాముల రేటా అన్నది, తూకం ఎంతన్నది ముందే కాగితం మీద రాయించుకోండి. కాటా ఫోటోతోపాటు లాబ్‌స్టర్‌కు ఏదైనా గుర్తు, విరిగిన మీసమో కాలో, ఫోటో తీసి పెట్టుకోండి. జీఎస్టీ నంబరున్న బిల్లు ఇవ్వకపోతే జీఎస్టీ కట్టొద్దు. సర్వీస్ ఛార్జీని హోటలు తనంతట తాను బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022లోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టూ అదే సమర్థించింది. ఇది నాకు ఇంటికొచ్చాక తెలిసింది. ఇంట్లో పెద్దవాళ్లు రుచి చూసి బాగాలేదంటే అక్కడే ప్లేటు వెనక్కి పంపండి.

నిన్న జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. అది తేలేదాకా హోటల్ పేరు ఇక్కడ రాయను. ఈ నెలలో వెళ్తున్నవాళ్లు మెసేజ్ చేయండి, చీటీ, పాప తీసిన ఫోటో పంపిస్తాను.