బైండింగ్‌కి ఇచ్చేవాళ్ళు జాగ్రత్త: నా 200 పుస్తకాలు "గట్టిగ తెరవొద్దట"

ప్రెస్సు పేరు రాయను. హన్మకొండలో పెళ్ళి పత్రికో ప్రాజెక్టు రికార్డో కొట్టించినవాళ్ళకు ఎవరి సంగతో ఇట్టే తెలిసిపోతుంది. నిన్న సాయంత్రం జరిగింది. ఇంకా కోపం దిగలేదు, రాతలో తప్పులుంటే సర్దుకోండి.

ఆదివారాలు డిగ్రీ పిల్లలకు కెమెరా నేర్పిస్తాను. వాళ్ళ జేబులో పట్టేలా ఒక గైడు చేశాను. ఏ6 సైజు, అంటే 105 మి.మీ. వెడల్పు, 148 ఎత్తు. 64 పేజీలు. రాసింది, బొమ్మలు గీసింది, పేజీలు కూర్చింది అన్నీ నేనే, రెండు నెలలు పట్టింది. ఫాంట్ల గొడవ రాకుండా అక్షరాలన్నీ కర్వ్స్ చేసి, అంటే గీతల బొమ్మలుగా మార్చి, పీడీఎఫ్ ఇచ్చాను. 200 కాపీలు, కాపీకి 55 రూపాయలు. పిల్లలు తలా 20 వేశారు, మిగతాది నా చేతి చమురే.

అడిగింది ఒక్కటే, కుట్టు బైండింగ్. 13×19 అంగుళాల షీటు మూడు మడతలు పెడితే 16 పేజీల ఫారం అవుతుంది, అంచులు కోసుకోవడానికి చోటూ మిగులుతుంది. అలాంటివి నాలుగు దారంతో కుట్టి పైన అట్ట వేస్తే అయిపోయె. కుట్టే ఎందుకంటే, ఫోటో తీసేవాళ్ళకు ఒక చేతిలో కెమెరా ఉంటుంది. రెండో అరచేతిలో పుస్తకం దానంతట అది తెరుచుకుని పడి ఉండాలి. గమ్ము బైండింగ్ అలా పడుకోదు, బొటనవేలితో అదిమి పట్టాలి. పైగా 64 పేజీలంటే వీపు మూడు మిల్లీమీటర్లు, అంత సన్నదాన్ని గమ్ము ఏం పట్టుకుంటుంది? ఇదంతా చెప్పాను. చెప్పి ఊరుకోలేదు, ఇంట్లో నేనే కుట్టిన డమ్మీ, అంటే నమూనా పుస్తకం, చేతిలో పెట్టి "అన్నా, అచ్చం ఇట్లనే కావాలె" అన్నాను. "మీరు టెన్షన్ తీస్కోకుండ్రి మేడం" అన్నాడు. తీసుకోలేదు. అదే నేను చేసిన తప్పు.

నిన్న వెళ్తే నాలుగు కట్టలు సిద్ధంగా ఉన్నాయి, ఖాకీ కాగితం చుట్టి, సుతిలితో బిగించి. బయట ఆటో ఆపి ఉంచాను. అడ్వాన్సు 6,000 ముందే ఇచ్చాను, మిగతా 5,000 నిలబడ్డచోటే ఫోన్‌పే కొట్టేశాను. ఒక్క కట్ట విప్పలేదు. ప్రతివారం క్లాసులో "ముందు ఒక్క ఫ్రేమ్ తీసి స్క్రీన్ మీద చూసుకోండిరా" అని గొంతు చించుకునేదాన్ని కూడా నేనే.

ఇంట్లో మొదటి పుస్తకం తెరవగానే టప్‌మంది. 41వ పేజీ చేతిలోకొచ్చేసింది. అది రామప్ప పేజీ. గుడి చూరు కింద మదనికలు, అంటే స్త్రీల శిల్పాలు, ఉన్నాయి చూడండి, నున్నటి నల్లరాయి. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు ఏ వస్తువునైనా మధ్యస్థంగా, బూడిదరంగులో చూపించాలని చూస్తుంది కాబట్టి ఆ నల్లరాయి ఫోటోలో వెలిసిపోయినట్టు వస్తుంది, ఎక్స్‌పోజర్‌ను మైనస్ ఒకటికి దించండి అని రాశాను. వచ్చే ఆదివారం పిల్లల్ని పాలంపేట తీసుకెళ్తున్నాను. ఆ బొమ్మల ముందు నిలబడి తెరవాల్సిన పేజీ ఇంట్లోనే ఊడింది.

ఊడితే అతికించుకుంటాం. 17వ పేజీ సంగతే ఘోరం. ఏ అపర్చర్‌కు (లెన్సు కన్ను ఎంత తెరుచుకోవాలి) ఏ షట్టర్ స్పీడు (వెలుతురు ఎంతసేపు పడాలి) పెట్టాలో చెప్పే పట్టిక ఆ పేజీలో ఉంది. గమ్ము పట్టాలంటే మడతలు కోసేసి వీపు గరుకు చేయాలి, అక్కడ 3 మి.మీ. పోయింది. ఎడమవైపు అపర్చర్ అంకెలు సగం వీపులో మునిగాయి. కుడి అంచు సమం చేసే పేరుతో ఇంకో 6 లేపేశారు. స్కేలు పెట్టి కొలిచాను, 105 ఉండాల్సింది 96 ఉంది. ఆ కుడివైపు ఉన్నవి షట్టర్ స్పీడులు. మంచి ఎండలో ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) 100 పెడితే అపర్చర్ ఎఫ్ 16కి 1/125 సెకను, ఎఫ్ 11కి 1/250, ఎఫ్ 8కి 1/500, ఎఫ్ 5.6కి 1/1000. కత్తి ప్రతి వరుసలో చివరి అంకె తినేసింది. ఇప్పుడు పుస్తకంలో ఉన్నవి 1/12, 1/25, 1/50, 1/100. మొత్తం తెగిపోయినా బాగుండేది, పిల్లలకు తేడా తెలిసేది. ఇవి అసలు అంకెల్లాగే ఉన్నాయి. నమ్మి పెట్టారంటే కావాల్సినదానికి పది రెట్లు వెలుతురు పడి ఫోటో సున్నం కొట్టిన గోడలా వస్తుంది. పోయిన అంకె పెన్నుతో రాద్దామన్నా రాయడానికి అంచు లేదు.

ఎనిమిదింటికి మళ్ళీ వెళ్ళాను. షట్టరు సగం దించి ఉంది.

"కుట్టే మనిషి రాలే మేడం, గమ్ము పెట్టినం. ఇప్పుడు అందరు గదే చేస్తున్నరు."

ఒక్క ఫోన్ చెయ్యొచ్చు కదన్నా అంటే జవాబు లేదు. ఊడిన పేజీ నా చేతిలోంచి తీసుకుని, ఫెవికాల్ డబ్బాలో వేలు ముంచి అంచుకు పూసి, పుస్తకంలో దూర్చి, అరచేత్తో రెండు దెబ్బలేసి తిరిగిచ్చాడు. "గట్టిగ తెరవకుండ్రి, ఏం గాదు."

పుస్తకం తెరవకూడదట. పసుపు కుంకుమ పెట్టి దేవుడి గూట్లో పెట్టుకోవాలి కాబోలు.

17వ పేజీ ముందు పెట్టి అంకెలు చూపించాను. జేబులో కళ్ళజోడు ఉంది, తీయలేదు. "పిల్లలే కద మేడం, వాళ్ళు నిజంగ సదువుతరా ఏంది" అన్నాడు. కటింగ్ మిషన్ దగ్గరున్న కుర్రాడు కిసుక్కున నవ్వాడు. 11,000 పోయినదానికంటే ఆ నవ్వే ఎక్కువ మండింది. ఆ కుర్రాడికి మా పిల్లల వయసే ఉంటుంది. డబ్బుల మాట ఎత్తితే "మాల్ తీస్కపోయినంక గట్లెట్ల మేడం" అని షట్టరు వైపు చూశాడు.

కనీసం నా డమ్మీ ఇవ్వమన్నాను. కౌంటర్ మీదే ఉంది. లోపల తెల్ల పేజీలు కదా, మధ్యలోకి తెరిచి ఎవరిదో పెళ్ళి పత్రికల లెక్క వేసుకున్నాడు. పక్క పేజీ మీద టీ గ్లాసు. దారానికి మైనం రుద్దుకుంటూ రాత్రి పదకొండు దాకా కూర్చుని కుట్టాను దాన్ని. ఒక్క పోగు వదులు కాలేదు, గ్లాసు కింద చాపలా పరుచుకుని పడి ఉంది. గ్లాసు తీసి పక్కన పెట్టి, డమ్మీ తెచ్చుకున్నాను.

ప్రస్తుతం పట్టికను చిన్న చీటీలుగా జిరాక్స్ తీయించి 17వ పేజీ మీద అతికిస్తున్నాం, నేనూ మా అత్తమ్మా. 60 దాకా అయ్యాయి. అతికించేటప్పుడు ఇంకో మూడు ఊడాయి.

ఎవరైనా పుస్తకం వేయించుకుంటే బిల్లు మీద "కుట్టు బైండింగ్, 105×148" అని రాయించుకోండి. డమ్మీకి ఫోటో తీసి ఉంచుకోండి. ప్రతి కట్టలోంచి మధ్య పుస్తకం ఒకటి లాగి పూర్తిగా విప్పి చూశాకే మిగతా డబ్బులివ్వండి, ఆటో ఎంతసేపు ఆగినా సరే.

ఇంకొకటి. డమ్మీలో ఉన్న లెక్క ఇది: 350 × 18 = 6,600. ఈ మధ్య 350 పత్రికలకు ఆర్డరిచ్చినవాళ్ళు ఇది చదువుతుంటే, మీకు 300 ఎక్కువ వేశాడు, చూసుకోండి.