ఫినాలిక్ టిప్ బ్రేక్ క్యూ: బాగా వాడాక తేలిన సంగతులు

పూల్‌లో బ్రేక్ (పేర్చిన బంతుల్ని చెదరగొట్టే మొదటి దెబ్బ) మెరుగవ్వాలంటే ప్రత్యేకంగా క్యూ కొనాలా? కొనొచ్చు, కానీ దానికంటే ముందు ర్యాక్ షీట్ (బంతుల్ని సందు లేకుండా పేర్చే పల్చటి ప్లాస్టిక్ షీట్) కొనండి. 13 మి.మీ. ఫినాలిక్ (గట్టి ప్లాస్టిక్ లాంటిది) టిప్ ఉన్న 19 ఔన్సుల క్యూ చాలాకాలంగా వాడుతూ చెబుతున్న మాట ఇది. ఎక్కువగా 9 అడుగుల టేబుల్ మీదే వాడాను, ఎయిట్ బాల్‌కీ నైన్ బాల్‌కీ.

వేగం పెరుగుతుంది, అది నిజమే. తోలు టిప్ దెబ్బకు నలిగి కొంత శక్తి తినేస్తుంది, ఫినాలిక్ అంతగా తినదు. ఎంత పెరిగిందో మీరే కొలుచుకోవచ్చు. 9 అడుగుల టేబుల్ మీద వైట్‌ని, అంటే మనం కొట్టే తెల్ల బంతిని, హెడ్ స్ట్రింగ్ (బ్రేక్ చేసే వైపు అడ్డగీత) మధ్యలో పెట్టి కొడితే ర్యాక్‌లో, అంటే పేర్చిన బంతుల్లో, ముందు బంతిని తాకేలోపు అది వెళ్లే దూరం 47.75 అంగుళాలు. ఫోన్‌లో శబ్దం రికార్డు చేసి రెండు చప్పుళ్ల మధ్య ఎడం చూడండి. 0.17 సెకన్లు వస్తే గంటకు 16 మైళ్లు, 0.15 వస్తే 18, 0.136 వస్తే 20. నా లెక్కలో నిండుగా తగిలే 17, పక్కకు జారే 21 కంటే ఎన్నో రెట్లు మేలు.

ఈ క్యూ నిజంగా పనికొచ్చేది ఆ నిండు దెబ్బకే. గట్టిగా కొట్టేటప్పుడు చెయ్యి కాస్త అటూ ఇటూ ఊగుతుంది, టిప్ బంతి నడిమధ్య తగలదు. అప్పుడు క్యూ ఒకవైపు చూస్తుంది, బంతి దానికి ఎదురువైపు కొద్దిగా తోసుకుపోతుంది. ముందు చెయ్యి టిప్ నుంచి సరైన దూరంలో ఉంటే ఈ రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఆ దూరం ప్రతి షాఫ్ట్‌కీ (క్యూ ముందు భాగం) వేరు. కనుక్కోవడానికి దూరంగా ఒక బంతి పెట్టి దాని నడిమికి గురిచూడండి. ముందు చెయ్యి కదపకుండా వెనక చేత్తో క్యూని తిప్పి, టిప్‌ని కొద్దిగా ఎడమకు తెచ్చి బ్రేక్ వేగంతో కొట్టండి. వైట్ గురికి ఎడమగా పోతే చెయ్యి వెనక్కి జరపాలి, కుడిగా పోతే ముందుకు. నిండుగా తగిలే చోటు దొరికాక షాఫ్ట్ మీద చిన్న టేపు ముక్క అంటించుకోండి. నా క్యూకి అది 11 అంగుళాల దగ్గర కుదిరింది.

బరువు గురించి జనం ఊరికే తల బద్దలు కొట్టుకుంటారు. 18 నుంచి 21 ఔన్సుల మధ్య మీ చెయ్యి వేగంగా కదిలేది తీసుకోండి, అంతే.

వైట్ టేబుల్ దాటి ఎగిరిపోతుంటే తప్పు టిప్‌ది కాదు, క్యూ వెనక భాగం పైకి లేచి ఉండటమే కారణం. కిందికి కొట్టిన బంతి క్లాత్ మీంచి లేచి, గాల్లో ఉండగానే ముందు బంతి పైభాగాన్ని తాకుతుంది. వైట్‌ని వెనక కుషన్‌కి మరీ దగ్గరగా పెట్టకండి, క్యూ వీలైనంత చదునుగా రావాలి. దెబ్బ తర్వాత వైట్ టేబుల్ నడుమ ఆగితే బాగున్నట్టు. ర్యాక్ వైపు దొర్లుకుంటూ పోతే టిప్ కొంచెం కిందికి దించండి, హెడ్ స్ట్రింగ్ దాకా వెనక్కి వచ్చేస్తే పైకి. కుడి కుషన్‌కి పోయిందంటే ముందు బంతికి కుడిపక్కన తగిలిందన్నమాట.

ఇక చిరాకులు. ఫినాలిక్ నున్నగా ఉంటుంది, చాక్ సరిగా పట్టదు. ప్రతి బ్రేక్‌కీ ముందు రాయాల్సిందే, అప్పుడప్పుడు గరుకు కాగితంతో ఉపరితలం కాస్త గీకాలి. స్పిన్ ఇవ్వబోతే మిస్‌క్యూ (టిప్ బంతి మీద జారిపోవడం) దాదాపు ఖాయం, కాబట్టి దీంతో మామూలు షాట్లు ఆడే ఆశ పెట్టుకోకండి. వైట్ మీద మచ్చలు పడతాయని కొన్ని పార్లర్లలో ఒప్పుకోరు. వైట్ కింద చిన్న క్లాత్ ముక్క వేసి కొడితే కనీసం టేబుల్ మీద కాలిన చుక్కలు తగ్గుతాయి, యజమానితో గొడవా తగ్గుతుంది. అలాగని స్నూకర్, పూల్ పక్కపక్కనే నడిచే చోట గోడకున్న 10 మి.మీ. టిప్ స్నూకర్ క్యూతో బ్రేక్ చేయకండి. టిప్ కింద ఉండే తొడుగు, ఫెరూల్, దెబ్బతినొచ్చు.

ర్యాక్ షీట్ ముందన్నది ఎందుకంటే, ముందు బంతి వెనక వెంట్రుకంత సందున్నా దెబ్బ లోపలికి సరిగా పాకదు. అరిగిన ట్రయాంగిల్‌తో ఎంత నెట్టినా ఆ సందు మిగులుతుంది. పల్చటి ప్లాస్టిక్ షీట్ కోతల్లో కూర్చున్న బంతులు వాటంతటవే అతుక్కుంటాయి. నైన్ బాల్‌లో 1వ బంతిని ఫుట్ స్పాట్ (ర్యాక్ ముందు బంతి పెట్టే చుక్క) మీద పెట్టి షీట్ వాడితే, కుడి ఎడమ చివర్ల బంతుల్లో ఒకటి తరచూ మూల పాకెట్‌లోకి వెళ్తుంది. కొన్ని పెద్ద టోర్నీల్లో స్పాట్ మీద 9వ బంతిని పెట్టించేది ఇందుకే. షీట్‌కున్న లోపం ఒకటే: బ్రేక్ అయ్యాక దాని అంచు మీద బంతి ఆగితే, అది కదిలేదాకా షీట్ తీయలేం. ముడత పడితే పనికిరాదు, చుట్టకుండా పుస్తకంలో పెట్టి దాచాలి. బంతులు కూడా తుడిచి పెట్టండి, మురికి పొర ఉంటే షీట్ మీదా సందు వస్తుంది.

ఒక్క బంతీ పడకపోతే, కనీసం 4 బంతులు కుషన్‌ని తాకాలన్నది నియమం. అది కూడా దాటలేని బ్రేక్ ఉన్నవాళ్లు క్యూ కొనడం కొన్నాళ్లు ఆపి, చదును దెబ్బ, షీట్ ఈ రెండింటితో మొదలుపెట్టండి. 7 అడుగుల టేబుల్ మీద 2 అంగుళాల చిన్న బంతులతో ఆడేవాళ్లకు ఈ క్యూ అవసరమే లేదు.